శుక్రవారం ఎవరిది?

పోయిన నెల ఈ శీర్షికలో కువైట్‌లో ఇంటిపని చేస్తున్న ఒకామె రాసిన నాలుగు లైన్ల ఉత్తరం వేశాం. వారానికి ఒక రోజు సెలవు అడగడం తప్పా అన్నదే ఆమె ప్రశ్న. తప్పు కాదు, అది మీ హక్కు అని పొట్టిగా రాసి ఊరుకున్నాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూశాక అంత పొట్టిగా తేల్చేసే విషయం కాదని తెలిసింది. కొన్ని కోపంగా ఉన్నాయి, కొన్ని చదువుతుంటే గొంతు పట్టేసింది. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇస్తున్నాను. నేనూ తొమ్మిదేళ్లు కువైట్‌లో ఖద్దామాగా, అంటే ఇంటిపనిమనిషిగా, చేసి వచ్చినదాన్నే, కాబట్టి పుస్తకంలో చదివింది కొంత, ఒంటి మీద పడింది కొంత, రెండూ కలిపి చెబుతాను. రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, నేను కువైట్ వచ్చి రెండేళ్లు దాటింది. ఇంట్లో తొమ్మిది మంది. పొద్దున 6కి లేస్తే పడుకునేసరికి రాత్రి 12. శుక్రవారం సెలవు అడిగితే ఇంటి యజమానురాలు మామా "చుట్టాలొచ్చేది శుక్రవారమే కదా, నువ్వు లేకపోతే ఎలా, కావాలంటే మధ్యాహ్నం రెండు గంటలు రూములో పడుకో" అంటుంది. పాస్‌పోర్టు యజమాని బాబా దగ్గరే ఉంది. గట్టిగా అడిగితే మళ్లీ మక్తబ్‌కి, అదే పనిలో పెట్టిన ఏజెన్సీ ఆఫీసుకి, పంపేస్తారేమోనని టెన్షన్. చట్టం ఏమంటుంది?

జవాబు: చెల్లీ, చట్టం నీ వైపే ఉంది, అది ముందు మనసులో పెట్టుకో. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసమని విడిగా ఒక చట్టం చేసింది, 68వ నంబరు చట్టం అంటారు. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వాలి, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి, కాంట్రాక్టు పూర్తయ్యాక పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం లెక్కన చేతిలో పెట్టాలి. నువ్వు ఒప్పుకోకుండా నీ పాస్‌పోర్టు గానీ అక్కడి గుర్తింపు కార్డు సివిల్ ఐడీ గానీ వాళ్లు ఉంచుకోకూడదు. నువ్వు 6 నుంచి 12 దాకా అంటున్నావు, అంటే 18 గంటలు. మధ్యలో తిండికి, నడుం వాల్చడానికి ఎంత తీసేసినా 12 దాటిపోతుంది.

ఇక ఆ రెండు గంటల సంగతి. రూములో పడుకున్నప్పుడు బెల్ మోగితే ఎవరు లేస్తారు? పాప ఏడిస్తే ఎవరు వెళ్తారు? నువ్వే కదా. అలాంటప్పుడు అది సెలవు ఎలా అవుతుంది? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒప్పందం చేసినప్పుడు ఈ తిరకాసు బాగా తెలిసినవాళ్లే దాన్ని రాసినట్టున్నారు. వారపు సెలవంటే తెగకుండా 24 గంటలు ఉండాలని అందులో రాశారు, ఆ రోజు పనామె ఆ ఇంట్లోనే ఉండాలని ఎవరూ బలవంతం చేయకూడదని కూడా రాశారు. కువైట్ ఆ ఒప్పందం మీద ఇంకా సంతకం పెట్టలేదు, ఆ మాట దాచను. కానీ నీకు కావాల్సిన సెలవు కువైట్ సొంత చట్టంలోనే ఉంది.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను వెళ్లిన మొదటి 14 నెలలు గేటు దాటలేదు. చెత్త సంచి బయట పెట్టడానికి పది అడుగులు వేసేదాన్ని, అంతే. మొదటిసారి శుక్రవారం బయటికి పంపినప్పుడు ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులతోనే వెళ్లాను, వేరే చెప్పులు కొనే అవసరమే పడలేదు కదా అప్పటిదాకా. బస్సు దిగి కువైట్ సిటీలోని మాలియాలో ఓ అరగంట నడిచేసరికి కాళ్లు బొబ్బలెక్కాయి. టైల్స్ మీద తప్ప రోడ్డు మీద నడక మర్చిపోయిన కాళ్లు అవి. ఒక మెట్టు మీద కూర్చుని చెప్పు విప్పి చూసుకుంటుంటే పక్కనున్న గోదావరి జిల్లా ఆవిడ "ఎన్ని నెలలకి వదిలారమ్మా?" అని అడిగింది. చూడగానే పోల్చేసింది. ఆవిడ దగ్గర కూర్చున్న రెండు గంటల్లో నాకు తెలిసిన విషయాలు ఆ 14 నెలల్లో తెలియలేదు. మొదటి రెండు నెలల జీతం ఏజెంటుకు పోతుందని నాకు చెప్పింది అబద్ధమని, జీతం అందినట్టు అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టేముందు అంకె చూసుకోవాలని, సివిల్ ఐడీ ఫోటో తీసి ఇంటికి పంపి ఉంచాలని, ఎంబసీకి ఏ బస్సు పోతుందో, అన్నీ ఆవిడే చెప్పింది. 2015 చట్టం వచ్చిన సంగతి కూడా నాకు రెండేళ్లు ఆలస్యంగా ఇలాంటి ఒక శుక్రవారమే తెలిసింది. నీ సెలవు కోసం ఇంత పట్టుబట్టేది అందుకే. ఒంటికి విశ్రాంతి ఒకటే కాదు, నీలాంటి ఇంకొకామె కనబడేది ఆ రోజే.

ఎలా అడగాలి? శుక్రవారమే కావాలని కూర్చోకు, చట్టం అడిగేది వారానికి ఒక రోజు. "చుట్టాలొచ్చే రోజు ఉంటాను మామా, ఆదివారం పొద్దున వెళ్లి రాత్రికి వస్తాను" అని అడిగి చూడు. మామా కంటే బాబా గానీ, చదువుకున్న పెద్ద కూతురు గానీ మెత్తగా ఉంటే ముందు వాళ్లతో అను. అడిగిన తేదీ, వాళ్లన్న మాట ఒక చోట రాసి పెట్టుకో. కాంట్రాక్టు ఫోటో, సివిల్ ఐడీ ఫోటో ఇంట్లోవాళ్లకు పంపించు. ఒప్పుకోకపోతే ఇంటిపనివాళ్ల ఫిర్యాదులు తీసుకునే విభాగం అక్కడి కార్మిక శాఖలో ఉంది, మన ఎంబసీలో ఇంటిపని చేసే ఆడవాళ్లకు షెల్టర్ కూడా ఉంది. ఒక్కటి మాత్రం చేయకు చెల్లీ, కోపంలో గేటు దాటి ఎవరో తెలిసినవాళ్ల రూముకు వెళ్లిపోకు. పారిపోయిందని కేసు పెడతారు, ఖల్లివల్లి, అంటే కాగితాలు లేని మనిషివి, అయ్యాక నీకు రావాల్సిన జీతం అడిగే నోరు కూడా పోతుంది. కొట్టినా, తిండి పెట్టకపోయినా, ఒంటి మీద చేయి వేసినా ఈ లెక్కలేవీ చూడొద్దు, నేరుగా ఎంబసీకి వెళ్లు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మ ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలనుకుంటోంది. ఏజెంటు ముందు విజిట్ వీసా మీద దుబాయ్ పంపి అక్కడి నుంచి మారుస్తానంటున్నాడు. సెలవు సంగతి అడిగితే "అక్కడికి వెళ్లాక మాట్లాడుకోవచ్చు" అన్నాడు. పంపించవచ్చా?

జవాబు: వద్దు బాబూ. విజిట్ వీసా మీద వెళ్తే ఆమె అక్కడ పనిమనిషిగా కాగితాల్లో ఎక్కడా ఉండదు, అలాంటప్పుడు సెలవు ఎవరిని అడుగుతుంది? మీ అమ్మ పదో తరగతి పాసవలేదంటే ఆమె పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి దేశం దాటేముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, కావాలి. అలాంటి ఆడవాళ్లకు గల్ఫ్‌లో ఇంటిపనికి 30 ఏళ్లు నిండి ఉండాలన్న నిబంధన ఉంది, 2016 నుంచి వాళ్లను పంపే పని ప్రభుత్వ సంస్థలకే అప్పజెప్పారు. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. ఆ నిబంధనలు తప్పించుకోవడానికే ఈ విజిట్ వీసా దారి పట్టిస్తారు. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు ఎన్ని గంటలు, జీతం ఎంత, ఈ మూడూ కాగితం మీద తెలుగులోనో ఇంగ్లీషులోనో చూశాకే విమానం ఎక్కించు. వెళ్లాక మాట్లాడుకుందాం అనేవాడు ఆ తర్వాత ఫోన్ ఎత్తడు.

ప్రశ్న: నమస్తే. మేము సింగపూర్‌లో ఉంటాం, భార్యాభర్తలిద్దరం ఉద్యోగస్తులం. మా ఇంట్లో ఇండోనేషియా అమ్మాయి పనిచేస్తోంది. సొంత మనిషిలా చూసుకుంటాం. ఆదివారం సెలవు తీసుకోమంటే "వద్దు మేడమ్, బదులు డబ్బు ఇవ్వండి" అని తనే అడిగింది, ఇస్తున్నాం. మీ కాలమ్ చదివాక అనుమానం వచ్చింది. ఆమె ఇష్టమే కదా, ఇందులో తప్పేముంది? పైగా ఆమె కోసం ప్రభుత్వానికి ఇచ్చిన 5,000 డాలర్ల పూచీ బాండ్ మా పేరు మీద ఉంది, బయట ఏదైనా జరిగితే?

జవాబు: అనుమానం వచ్చి రాశారంటేనే మీరు మంచివాళ్లని అర్థమవుతోంది, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను, నొచ్చుకోకండి.

సింగపూర్‌లో వారపు సెలవు 2013 జనవరి 1 నుంచి ఉంది. ఆమె ఒప్పుకుంటే సెలవు బదులు కనీసం ఒక రోజు జీతం ఇవ్వచ్చు, నెల జీతాన్ని 26తో భాగిస్తే వచ్చేది ఆ రోజు జీతం. ఈ వెసులుబాటుతోనే నాలుగు ఆదివారాలూ డబ్బుగా మారిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకని 2023 జనవరి 1 నుంచి ఒక మార్పు తెచ్చారు, నెలలో కనీసం ఒక్క సెలవును డబ్బుతో సహా దేనితోనూ మార్చడానికి వీల్లేదు. కాబట్టి నాలుగు వారాలకూ డబ్బే ఇస్తున్నారంటే మీరు నిబంధన తప్పుతున్నట్టే.

ఆమె ఇష్టం గురించి. ఆ అమ్మాయి ఇల్లు వదిలి వచ్చింది డబ్బు కోసమే, చాలామందికి మొదటి కొన్ని నెలల జీతం ఏజెంటు అప్పుకే పోతుంది. సెలవు కావాలా, డబ్బు కావాలా అని అడిగితే నిద్ర చాలనివాళ్లు కూడా డబ్బే అంటారు. నేనూ అలాగే అన్నాను ఒకప్పుడు. నా కూతురి ఫీజు కట్టాలి, ఆ నెల కాళ్ల నొప్పులతో మెట్లు దిగలేకపోతున్నా శుక్రవారాలన్నీ అమ్ముకున్నాను. అప్పుడు నన్నెవరైనా అడిగితే ఇష్టంగానే చేస్తున్నా అని చెప్పేదాన్ని.

మీ ఊరి కేసే ఒకటి గుర్తు చేస్తాను. మయన్మార్ నుంచి వచ్చిన ఒక 24 ఏళ్ల అమ్మాయి 2016 జూలైలో యజమానురాలి చేతిలో దెబ్బలు తిని, ఆకలితో మాడి చనిపోయింది. పోయేనాటికి ఆమె బరువు 24 కిలోలు. 2021లో యజమానురాలికి 30 ఏళ్ల జైలుశిక్ష పడింది. కోర్టు కాగితాల్లో ఉన్న ఒక విషయం నన్ను ఇప్పటికీ వదలదు. కాస్త ఎక్కువ జీతం ఇస్తామంటే సెలవూ వద్దు, ఫోనూ వద్దు అని ఆ అమ్మాయి పనిలో చేరేముందే ఒప్పుకుంది. ఒప్పుకుంది కాబట్టి నెలల తరబడి ఆ ఇంటి బయట మనిషెవరూ ఆమె ముఖం మీది దెబ్బలు తీరిగ్గా చూసే వీలు లేకపోయింది. డబ్బుతో మార్చలేని ఆ నెలకో రోజు నిబంధన ఆ కేసు బయటపడిన తర్వాతే వచ్చింది. మీ ఇల్లు అలాంటిదని నేననడం లేదు. కానీ మంచి ఇల్లైనా చెడ్డ ఇల్లైనా తలుపు వెనక ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. చట్టం ఆ రోజును ఇంటివాళ్ల మంచితనానికి వదిలేయకూడదని చెప్పేది అందుకే.

బాండ్ భయం నాకు అర్థమవుతుంది. ఆ భయంతోనే తాళాలు వేసే ఇళ్లున్నాయి. ఆమెకు నియమాలు ముందే వివరంగా చెప్పండి, ఫోన్ ఆమె చేతిలో ఉంచండి, ఎన్ని గంటలకు వస్తుందో మాట్లాడుకోండి. ఇరవై దాటిన మనిషి ఆదివారం ఎవరితో తిరుగుతోందని ఆరా తీయడం మీ పని కాదు. ఇంకో మాట, మొదటి రెండు ఆదివారాలు ఆమెకు ఎక్కడికి వెళ్లాలో తెలియక మీ బ్లాకు కిందే బెంచీ మీద కూర్చుని రావచ్చు. అది చూసి "ఎలాగూ ఊరికే కూర్చుంటోంది కదా" అని పైకి పిలవకండి. మూడో వారానికి మనుషులు దొరుకుతారు.

ప్రశ్న: సోషియాలజీ చదువుతున్నాను. ఇంటిపనివాళ్లకు తిండి, వసతి ఉచితంగా ఇస్తారు, ఫ్యాక్టరీ కార్మికులకు అవి ఉండవు. ఇంట్లో పనిగంటలు లెక్కపెట్టడం కూడా సాధ్యం కాదు. అలాంటప్పుడు అందరికీ ఒకే కార్మిక చట్టం కావాలనడం న్యాయమేనా?

జవాబు: న్యాయమే. మీరు చదువుకుంటున్నారు కాబట్టి లెక్కతో మొదలుపెడదాం. కువైట్‌లో ప్రైవేటు ఉద్యోగులకు 2010 నాటి కార్మిక చట్టం ఉంది, వారానికి 48 గంటలు పని. ఆ చట్టంలోనే ఇంటిపనివాళ్లు దీని కిందికి రారని రాశారు. వాళ్లకొచ్చిన 2015 చట్టం రోజుకు 12 గంటలు అంటుంది, ఆరు రోజులకు 72. ఒకే ఊళ్లో, ఒకే బస్సెక్కే ఇద్దరు మనుషుల మధ్య చట్టం పెట్టిన తేడా వారానికి 24 గంటలు. తిండి, వసతి ఇచ్చినందుకు అంత పని అదనంగా రాబట్టుకోవచ్చా? ఆ వసతి కూడా చూడండి, చాలా ఇళ్లలో అది వాషింగ్ మెషీన్ పక్కన పరుపు, లేదంటే పిల్లల గదిలో నేల. పని చేసే చోటే పడుకోవడం యజమానికి సౌకర్యం, ఆమెకు కాదు. ఓడలో పనిచేసేవాళ్లకూ తిండి, పడక ఉంటాయి, వాళ్లు కార్మికులు కారని ఎవరూ అనరు.

గంటలు లెక్కపెట్టలేమన్న మాట నేను ఒప్పుకోను. పొద్దున టిఫిన్ ఎన్నింటికి కావాలో, పిల్లాడి స్కూలు బస్సు ఎన్నింటికి వస్తుందో నిమిషాలతో సహా చెప్పగలిగినవాళ్లకు ఆమె ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడుకుందో చెప్పడం కష్టమా? 189వ ఒప్పందంలో ఇంకో సంగతి ఉంది, పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండాల్సిన సమయాన్ని కూడా ఆ దేశ చట్టం ఎంతవరకు చెబితే అంతవరకు పనిగంటల్లో కలపాలని. రాత్రి ముసలాయన మంచం పక్కన పడుకునే ఆమెకు ఆ వాక్యం ఎంత ముఖ్యమో మీరు ఒకసారి ఆలోచించండి.

ఇలా చట్టం బయట ఉంచడం గల్ఫ్‌లో మాత్రమే జరిగింది కాదు. అమెరికాలో 1938 నాటి కనీస వేతన చట్టం ఇంటిపనివాళ్లను వదిలేసింది, మళ్లీ 1974లో గానీ చేర్చలేదు. యూనియన్ హక్కులిచ్చే 1935 చట్టంలో ఇప్పటికీ వాళ్లు లేరు. దక్షిణాఫ్రికాలో ఒకామె ఒకే కుటుంబానికి 22 ఏళ్లు పనిచేసింది, చూపు సరిగా ఆనేది కాదు, 2012లో కిటికీలు తుడుస్తూ వాళ్ల ఇంటి ఈతకొలనులో పడి చనిపోయింది. పనిలో చనిపోతే వచ్చే పరిహారం కోసం కూతురు అడిగితే, ఇంటిపనివాళ్లు ఆ చట్టంలో లేరన్నారు. ఆ కూతురు వదల్లేదు, ఇంటిపనివాళ్ల యూనియన్ ఆమె పక్కన నిలబడింది. 2020 నవంబరులో అక్కడి రాజ్యాంగ కోర్టు వాళ్లను వదిలేయడం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఫ్యాక్టరీలో నిచ్చెన మీంచి పడితే ప్రమాదం, ఇంట్లో పడితే కాదా? సమాన చట్టం అడిగేవాళ్ల ప్రశ్న ఇదే. ప్రపంచంలో ఇంటిపని చేసేవాళ్లు 7 కోట్ల 56 లక్షల మంది అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క చెప్పింది. అంతమందిని కార్మికులు కారంటే ఎలా?

ప్రశ్న: అక్కా, ఫిలిప్పీన్స్ వాళ్లు హాంకాంగ్‌లో ప్రతి ఆదివారం రోడ్ల మీద కూర్చుంటారని విన్నాను. ధర్నానా? పరాయి దేశంలో ఇంట్లో పనిచేసే ఆడవాళ్లు యూనియన్ ఎలా పెట్టగలిగారు? మనవాళ్లు ఎందుకు పెట్టలేకపోతున్నారు?

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. నేను హాంకాంగ్ వెళ్లలేదు గానీ అక్కడ ఆరేళ్లు చేసి కువైట్ వచ్చిన ఫిలిప్పీన్స్ స్నేహితురాలు ఒకామె నాకుండేది, ఆమె కళ్లకు కట్టినట్టు చెప్పేది. సెంట్రల్ అని పెద్ద పెద్ద బ్యాంకులుండే ప్రాంతం. ఆదివారం పొద్దున్నే ఆడవాళ్లు అట్టపెట్టెలు విప్పి బ్యాంకుల కింద నేల మీద, ఫుట్‌పాత్‌ల మీద, నడక వంతెనల మీద పరిచేస్తారు. పక్కనే అట్ట నిలబెట్టి చిన్న గోడలా కట్టుకుంటారు. చెప్పులు బయట విప్పి లోపల కూర్చుంటారు, అచ్చం ఇంట్లోకి వెళ్లినట్టు. ఒకామె ఇంకొకామెకు జుట్టు కత్తిరిస్తుంది, ఒకామె ఇంటికి పంపే పెట్టెకు టేపు వేస్తుంది, ఒకామె ఫోన్‌లో కొడుకుతో హోంవర్క్ చేయిస్తుంది. మామూలు ఆదివారం అది ధర్నా కాదు, వాళ్ల సెలవు అంతే. యజమాని ఇంట్లోనే ఉండాలన్న నిబంధన 2003 నుంచి ఉంది కాబట్టి బయట సొంత గది ఎవరికీ లేదు, అందుకే రోడ్డు మీద.

కానీ అసలు కిటుకు అక్కడే ఉంది. హాంకాంగ్ కార్మిక చట్టం ఇంటిపనివాళ్లకూ వర్తిస్తుంది, ఏడు రోజులకొక సెలవు ఇచ్చి తీరాలి. అందరూ ఒకే రోజు, ఒకే చోట కూర్చుంటే ఏమవుతుంది? నీ జీతం ఎంత, నీ ఏజెంటు ఎంత కోశాడు, నీకెవరు సాయం చేశారు అని మాటలు మొదలవుతాయి. అట్టల మీద మొదలైన ఆ మాటలే సంఘాలయ్యాయి. 2003లో ప్రభుత్వం వాళ్ల కనీస జీతాన్ని 3,670 హాంకాంగ్ డాలర్ల నుంచి 3,270కి తగ్గించినప్పుడు వేలమంది ఊరేగింపుగా కదిలారు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఇండోనేషియా వాళ్లు, నేపాల్ వాళ్లు కలిసి. కోత వెంటనే ఆగలేదు, నిజం చెప్పాలి. కానీ ఆ తర్వాత జీతం సవరించే ప్రతిసారీ వాళ్ల సంఘాలు వెళ్లి మా డిమాండ్ ఇదీ అని చెప్పడం మాత్రం మానలేదు. 2014లో ఇండోనేషియా అమ్మాయి ఒకామె ఒంటినిండా గాయాలతో ఇంటికి చేరినప్పుడు మళ్లీ రోడ్డెక్కింది వీళ్లే, ఆమె ధైర్యంగా కోర్టులో సాక్ష్యం చెప్పింది, 2015లో యజమానురాలికి ఆరేళ్ల జైలు పడింది. పని పోతే రెండు వారాల్లో దేశం వదలాలన్న నిబంధన 1987 నుంచి ఉంది, దాని మీద ఇంకా కొట్లాడుతున్నారు.

సెలవు దొరకని చోట ఇదే పని ఎంత కష్టమో లెబనాన్‌లో చూడండి. అక్కడి 1946 నాటి కార్మిక చట్టం ఇంటిపనివాళ్లను బయటే ఉంచింది, వీసా యజమాని పూచీ మీద నడిచే కఫాలా పద్ధతి కింద మనిషి మొత్తం యజమాని చేతిలో ఉంటుంది. అయినా 2015 జనవరిలో బీరూట్‌లో వేర్వేరు దేశాల ఆడవాళ్లు కలిసి ఇంటిపనివాళ్ల యూనియన్ పెట్టారు. ప్రభుత్వం గుర్తించలేదు, చట్టవిరుద్ధం అంది. 2016లో ఆ యూనియన్‌లో తిరిగే నేపాలీ ఆమెను పట్టుకుని దేశం నుంచి పంపేశారు. మనవాళ్లు ఎందుకు పెట్టలేకపోతున్నారని అడిగారు కదా, అక్కడ సంఘం పెట్టడమంటే ఏమిటో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. మన ఆడవాళ్లకు ధైర్యం తక్కువనడం నాకు నచ్చదు. వారమంతా గోడల మధ్య ఉండే మనిషి ఎవరితో సంఘం పెడుతుంది?

ఒక ఉత్తరం కథ చెప్పి ఇది ముగిస్తాను, మన శీర్షిక ఉత్తరాలదే కదా. దక్షిణాఫ్రికాలో మిర్టిల్ విట్‌బూయి అని ఒకామె, కేప్‌టౌన్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. 1960ల చివర్లో ఒక పేపర్‌లో పనివాళ్ల గురించి చులకనగా రాస్తే కోపమొచ్చి, మేమెందుకు వేరే మనుషులమయ్యామని అడుగుతూ ఆ పేపర్‌కే ఉత్తరం రాసింది. ఉత్తరం అచ్చయింది, దాంతో మొదలై యజమాని గ్యారేజీలో మీటింగులు పెట్టేదాకా వెళ్లింది. 2013లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో అంతర్జాతీయ ఇంటిపనివాళ్ల సమాఖ్య పుట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆమే. 2023 జనవరిలో పోయింది. అంతకుముందు 2011 జూన్ 16న జెనీవాలో 189వ ఒప్పందం ఓటుకు వచ్చినప్పుడు 396 మంది అవునన్నారు, 16 మంది కాదన్నారు, 63 మంది తటస్థంగా ఉన్నారు. ఆ సభ దాకా ఒప్పందాన్ని మోసుకొచ్చినవాళ్లలో గిన్నెలు తోమిన చేతులు చాలా ఉన్నాయి. అందుకే జూన్ 16ను ఇంటిపనివాళ్ల దినంగా చేసుకుంటారు.

ప్రశ్న: ఇన్ని హక్కులు అడిగితే కఫీల్‌లు, అదే అక్కడి యజమానులు, మనవాళ్లను మానేసి వేరే దేశం వాళ్లను పెట్టుకుంటారు. వచ్చే నాలుగు డబ్బులూ పోతాయి. మీలాంటి వాళ్లు రెచ్చగొట్టొద్దు.

జవాబు: అన్నా, మీ ఇంటి నుంచి ఎవరో వెళ్లి ఉంటారు, ఆ భయంతో రాశారు, నాకు తెలుసు. కానీ ఈ మాట ఫిలిప్పీన్స్ వాళ్లకూ చెప్పారు. వాళ్ల ప్రభుత్వం 2006లో ఇంటిపనికి నెలకు 400 డాలర్లకు తక్కువైతే పంపం అంది. 2018లో కువైట్‌లో వాళ్ల అమ్మాయి శవం ఫ్రీజర్‌లో దొరికినప్పుడు మనుషుల్ని పంపడమే ఆపేసి, ఆ ఏడాది మేలో ఒప్పందం రాయించుకుంది, సెలవు, ఫోన్, పాస్‌పోర్టు అన్నీ కలిపి. ఆ తర్వాత కూడా అక్కడ ఎక్కువ జీతం వాళ్లదే. మనం తక్కువకు ఒప్పుకున్నందుకు మనకు దొరికింది తక్కువ జీతమే. మన దేశం కూడా 2021 జూన్‌లో కువైట్‌తో ఇంటిపనివాళ్ల మీద ఒప్పందం చేసుకుంది. అది కాగితంలో ఆగిపోకుండా చూడమని మన ఎంపీలను మనం అడగాలి. నేపాల్, శ్రీలంక, ఇథియోపియా ఆడవాళ్లతో పోటీ పడి ఎవరు తక్కువకు వస్తారో చూపించుకుంటే లాభం ఏజెంటుకే.

ప్రశ్న: గల్ఫ్ వాళ్లను ఇంతగా అంటున్నారు, మరి మన ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారపు సెలవు ఉందా మేడమ్?

జవాబు: లేదు, చాలా ఇళ్లలో లేదు. 2011లో జెనీవాలో మన దేశం అవునని ఓటేసింది, ఒప్పందాన్ని మాత్రం ఇప్పటికీ ఆమోదించలేదు. దేశమంతటికీ ఇంటిపనివాళ్ల కోసం ఒక చట్టం లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో దీని మీద కమిటీ వేసి చట్టం సంగతి పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈ నెల నుంచే నెలకు నాలుగు రోజుల సెలవు జీతం కోయకుండా ఇవ్వచ్చు. సెలవు రోజు గిన్నెలు మర్నాటికి సింకులో దాచి ఉంచకండి, అంతే నేను అడిగేది.

ప్రశ్న: ఆంటీ, నేను ఇంటర్ చదువుతున్నా. మా అమ్మ కువైట్‌లో ఉంది. ఫోన్ చేసి "బాగున్నావా" అంటే ఎప్పుడూ "బాగున్నా" అంటుంది. నిజంగా బాగుందో లేదో నాకు ఎలా తెలుస్తుంది?

జవాబు: బంగారూ, నా కూతురికీ నేను తొమ్మిదేళ్లు అదే చెప్పాను. పిల్లలు చదువు మానేసి ఏడుస్తారని భయం. అందుకని "బాగున్నావా" అని అడగకు. "ఈ వారం ఏ రోజు బయటికి వెళ్లావు, ఎవరిని కలిశావు, ఏం తిన్నావు?" అని అడుగు. రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావని అడుగు. ఒక నోట్‌బుక్ తీసి అమ్మ పేరుతో పేజీ పెట్టు. వెళ్లిన తేదీ, జీతం వచ్చిన తేదీ, ఎన్ని దినార్లు, సెలవు దొరికిన రోజులు, అన్నీ రాయి. కాంట్రాక్టు ఫోటో, వీసా ఫోటో, సివిల్ ఐడీ ఫోటో, కఫీల్ ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ అమ్మను అడిగి అందులోనే రాసుకో, అడ్రస్ తెలియక ఎంబసీవాళ్లు వెతకలేని కేసులు నేను చూశాను. వరసగా నాలుగు వారాలు సెలవు గడి ఖాళీగా ఉన్నా, రెండు నెలలు జీతం రాకపోయినా మీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించు. ముందు ఈ ఆదివారం ఆ పేజీ మొదలుపెట్టి, ఫోటో తీసి నాకు పంపు, ఏమైనా వదిలేశావేమో చూసి చెప్తాను.